బెరా మిషను వచ్చింది సరే, పరీక్ష చేసేదెవరు?

ఎడిటర్ గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మన ఆసుపత్రికి వచ్చిన బెరా మిషను, అదే పసిబిడ్డల వినికిడి పరీక్ష చేసే మిషను, ఫొటో వేశారు. మిషను కంటే చుట్టూ నిలబడ్డ పెద్దలే ఎక్కువ కనిపించారు, అది వేరే సంగతి. పసిబిడ్డలకు వినికిడి పరీక్ష ఇక మన దగ్గరే అని రాశారు కదా, అది నమ్మి మా తమ్ముడి కూతురు పలమనేరు అవతల పల్లె నుంచి బిడ్డను ఎత్తుకుని బస్సులో వచ్చింది. చూస్తే గదికి తాళం. ఆ పరీక్ష చేసే ఆడియాలజిస్టును డెప్యుటేషన్ మీద ఇంకో చోటికి వేశారట. ఎప్పుడొస్తారో నర్సమ్మకు తెలియదు, ఓపీ చీటీ రాసే ఆయనకు అసలే తెలియదు. "అంత అర్జెంటైతే వేలూరు పొండి" అని సలహా మాత్రం ఉచితంగా ఇచ్చారు.

ఈ పరీక్ష ఏమిటో ఆ ఫొటోలో నవ్విన వాళ్లకు ఎవరైనా చెప్పారా? నెలల బిడ్డ తనకు వినబడుతోందో లేదో నోరు తెరిచి చెప్పలేదు. అందుకని నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలోకి టిక్ టిక్‌మని శబ్దాలు పంపుతారు. పది మిల్లీసెకన్ల లోపల చెవి నరం నుంచి మెదడు కాండం దాకా వరుసగా విద్యుత్ అలలు లేస్తాయి. అవి ఒక మైక్రోవోల్టు కూడా ఉండవు, మెదడులో మామూలుగా నడిచే కరెంటులో కలిసిపోతాయి కాబట్టి వేయి, రెండు వేల సార్లు శబ్దం పంపి సగటు తీస్తేగానీ బయటపడవు. ఐదో అల ఎంత చిన్న శబ్దం దాకా కనబడుతోందో చూసి వినికిడి ఎంతుందో అంచనా వేస్తారు. బిడ్డ కదిలినా, ఏడ్చినా గ్రాఫు పాడు. అందుకే సిరప్ పట్టించి నిద్రపుచ్చుతారు, గది నిశ్శబ్దంగా ఉండాలంటారు. మన వాళ్లు గది ఎక్కడ ఇచ్చారో తెలుసా, జనరేటర్ పక్కన!

నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలని డాక్టర్లే చెబుతారు. ఇళ్లలో ఏమో "వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యంగానే వచ్చినాయి" అని అవ్వలు సర్దిచెబుతారు, అట్లా రెండేళ్లు గడిచిపోతాయి. ఆరోగ్యశ్రీ కింద, చెవుడున్న పిల్లలకు ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటుకు డబ్బులిచ్చిన రాష్ట్రం మనది. తిరుపతిలో టీటీడీ వాళ్ల శ్రవణం కేంద్రం ఉంది, అక్కడ వినబడని పిల్లలకు మాటలు నేర్పుతారు. కానీ అసలు చెవుడు ఉందో లేదో తేలకుండా ఎవరిని ఎక్కడికి పంపుతారు? పసిపిల్లలకు వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ రాయాలన్నా బెరా రిపోర్టే తెమ్మంటారు.

2022లో జిల్లాను మూడు ముక్కలు చేశారు. పెద్దాసుపత్రులు తిరుపతి వైపు పోయాయి, మాకు కలెక్టరేటూ ఫ్లెక్సీలూ మిగిలాయి. ఏ మంత్రి వచ్చినా గాంధీ సర్కిల్ కనబడకుండా బ్యానర్లు కట్టడానికి డబ్బులుంటాయి, ఒక టెక్నికల్ పోస్టు భర్తీ చేయాలంటే మాత్రం ఫైలు విజయవాడలో ఉందంటారు. కొండ మీద దర్శనానికి వేల మందికి టైముతో సహా టోకెన్ ఇవ్వగలుగుతున్నాం, ఒక పసిబిడ్డకు ఫలానా రోజు రండి అని చెప్పలేమా?

మీ విలేకరిని ఇంకోసారి పంపండి, ఈసారి ఫంక్షన్ లేని రోజు. ఆడియాలజిస్టు వారంలో ఏయే రోజులు ఉంటారో ఓపీ దగ్గర బోర్డు రాయించమనండి. ఉండరంటే అదైనా రాయమనండి, బస్సు చార్జీలు మిగులుతాయి.

– ఒక పాఠకుడు, కొంగారెడ్డిపల్లి, చిత్తూరు