పాత వెండి రూపాయిని తోమకండి, ఆ రంగుకూ ధర ఉంది

సంపాదకులకు,

వెండి ధర ఎక్కినప్పుడల్లా మన గోదావరి జిల్లాల్లో ఇనప్పెట్టెల అడుగున పడున్న పాత రూపాయలు బయటికొస్తాయి. రాజమహేంద్రవరమైనా, భీమవరమైనా, అమలాపురమైనా జరిగేది ఒకటే. ఇంట్లోవాళ్లు ముందు వాటిని చింతపండుతోనో, విభూతితోనో, పళ్లపొడితోనో తళతళలాడేలా తోమేస్తారు. ఆ తర్వాతే కొట్టుకు పట్టుకెళతారు. నల్లగా కనిపిస్తే తక్కువకు అడుగుతారని భయం. కరగబెట్టే కొట్టువాడికి తోమినా తోమకపోయినా తూకం ఒకటే. నాణేలు సేకరించేవాళ్లకు అమ్మాలనుకుంటే మాత్రం ఆ తోముడుతోనే విలువలో పెద్ద భాగం కొట్టుకుపోతుంది. ఈ సంగతి పదిమందికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వెండి మీద కాలక్రమంలో పట్టే రంగును సేకర్తలు టోనింగ్ అంటారు. అందంగా రంగు పట్టిన నాణేనికి తెల్లటి నాణెం కన్నా ఎక్కువ ఇచ్చి కొనేవాళ్లున్నారు. ఎంత ఎక్కువ అన్న దగ్గరే తేడాలొస్తున్నాయి. నల్లబడిందంటే పాడైపోయిందనేవాళ్లు కొందరు, రంగున్న విక్టోరియా రూపాయి లక్షలు పలుకుతుందనేవాళ్లు కొందరు. రెండూ తప్పే.

ముందు కనీస ధర, అంటే వెండి తూకం ధర, లెక్క వేసుకోవాలి. 1835 నుంచి 1939 దాకా కొట్టిన రూపాయి బరువు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు కల్తీ లోహం. మేలిమి వెండి 10.69 గ్రాములన్నమాట. గ్రాము 100 రూపాయలనుకుంటే 1,069 రూపాయలు. ఆ రోజు ధర ఎంతో అది వేసి చూసుకోండి. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే. మిగతాది రాగి 40, నికెల్ 5, జింకు 5 శాతం. 1947 రూపాయి పూర్తిగా నికెల్, అందులో వెండి లేదు.

దాని మీద రెండో మెట్టు సంవత్సరం, టంకశాల, అరుగుదల. ఐదో జార్జి రాజుగారి అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవైతే మరుసటి ఏడాదే మార్చేసిన 1911 రూపాయికి రంగుతో పనిలేకుండానే గిరాకీ ఉంది. 1939 రూపాయి దొరకడమే అరుదు. మూడో మెట్టు రంగు. ఇది రెండో మెట్టు ధర మీద లెక్కగట్టేదే తప్ప వెండి తూకం మీద కాదు. అందుకే చేతులు మారి మారి అరిగిపోయిన నాణేనికి ఎంత రంగున్నా పైసా ఎక్కువ రాదు. రంగు అందగించాలంటే దాని కింద కొత్త నాణేనికి ఉండే మెరుపు మిగిలి ఉండాలి.

సంతలో చూస్తున్నదాన్ని బట్టి నా అంచనా చెబుతాను. చలామణీలో తిరగని ఐదో జార్జి రూపాయి, మామూలు సంవత్సరం, ఒక వైపు అంచున కాస్త పసుపు, గోధుమ రంగు ఉంటే అదే స్థాయి తెల్లటి నాణెం కన్నా పది, ఇరవై శాతానికి మించి ఇవ్వనక్కర్లేదు. రెండు వైపులా సమంగా పట్టి, ఊదా, నీలం స్పష్టంగా కనిపిస్తుంటే సగం ఎక్కువ నుంచి రెట్టింపు దాకా న్యాయమే. అంచు నుంచి నడిమికి రంగులు వరసగా మారుతూ, వాటి కింద మెరుపు చెక్కుచెదరకుండా ఉన్న నాణెం వేలానికొస్తే మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. ఆ ధర సంత ధర కాదు. పట్టుదల ఉన్న ఇద్దరు పాటగాళ్లు తేల్చిన ధర. మళ్లీ అమ్మేటప్పుడు ఆ రెండోవాడు ఉంటాడని నమ్మకం లేదు. ఇక మసిబారి పూర్తిగా నల్లగా అయిపోయినదానికి ధర పెరగదు సరికదా, తగ్గుతుంది.

ఈ మోజు ముదిరింది అమెరికాలో. అక్కడ 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో కొట్టిన మోర్గన్ డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ఖజానాలో దశాబ్దాల పాటు ఉంచారు. సంచి గుడ్డకు ఆనుకున్న నాణేలకు గుడ్డలోని గంధకం వల్ల రంగు పట్టింది. పక్క నాణెం అడ్డొచ్చిన చోట నెలవంకలా తెల్లగా మిగిలింది. 1960ల మొదట్లో ఆ సంచులు జనంలోకి వచ్చాక, అలాంటి రంగుకు విడిగా ధర కట్టే అలవాటు మొదలైంది. మన రూపాయలకు అలాంటి అదృష్టం తక్కువ. అవి సంతల్లో నలిగాయి, ఆ తర్వాత కరిగాయి. ఆ రెండు నాణేలకూ ఒక బంధుత్వం మాత్రం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశంలో వెండి రూపాయలకు కరువొస్తే, 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్ల డాలరు నాణేలు కరగబెట్టింది. అందులో సుమారు 25.9 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్ ద్వారా మన టంకశాలల కోసం వచ్చింది. మీ ఇంట్లోని 1918, 1919 జార్జి రూపాయల్లో ఆ వెండి ఉండే అవకాశం బాగా ఉంది.

అసలు ఆ రంగు ఎలా వస్తుందో తెలిస్తేనే అసలు ఏదో నకిలీ ఏదో తెలుస్తుంది. గాలిలో కొద్దిపాటి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పొర కడుతుంది. ఆ పొర వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉన్నా చాలు. దాని పైనుంచి తిరిగొచ్చే వెలుతురూ, కింద వెండి మీంచి తిరిగొచ్చే వెలుతురూ ఒకదాన్నొకటి కొన్ని రంగుల్లో కొట్టేసుకుంటాయి. వాన నీటి మీద పెట్రోలు పడితే రంగులు కనిపించేది ఇలాగే. పొర మందం పెరిగేకొద్దీ రంగుల వరస ఖాయంగా ఉంటుంది: లేత పసుపు, బంగారు వన్నె, ముదురు ఎరుపు, ఊదా, నీలం, లేత నీలం, మళ్లీ నిమ్మ పసుపు, గులాబీ, ఆకుపచ్చ, చివరికి నలుపు. సహజంగా పట్టిన నాణెం మీద ఈ వరస తప్పదు. బంగారు వన్నె పక్కన ఎరుపు లేకుండా ఒక్కసారిగా నీలం వచ్చిందంటే అనుమానించాలి.

నాణేన్ని చూసే పద్ధతి ఒకటుంది. ట్యూబులైటు కింద ఏమీ తెలియదు. ఒకే బల్బు వెలిగించి, నాణేన్ని అంచులతో పట్టుకుని, మెల్లగా వాల్చి తిప్పాలి. మెరుపు గీత చక్రంలా తిరగాలి, రంగు ఆ మెరుపుతో పాటే వెలగాలి, ఆరాలి. రంగు పైన పులిమినట్టు ఆగిపోయి, మెరుపు కదలకపోతే అది చేసిన రంగు. తర్వాత పది రెట్ల భూతద్దంతో అక్షరాల మొదళ్లు చూడండి. నిజమైన నాణెం మీద విక్టోరియా పేరులోని అక్షరం చుట్టూ సన్నటి గీతలా రంగు పలచబడి, తర్వాత మళ్లీ చిక్కబడుతుంది. అక్షరం పక్కన పొర అంత సులువుగా కట్టదు కాబట్టి. నకిలీ రంగు ఆ మూలల్లోకి కారి గడ్డకడుతుంది. గీతల మీద చూపు నిలపండి. తోమిన గీతల్లోకి రంగు దిగి, గీత గీతగా మెరుస్తుంటే, తోమిన నాణేనికి తర్వాత రంగు పట్టిందని, లేదా పట్టించారని అర్థం.

పట్టించేవాళ్లు వాడే సరుకు కొత్తదేమీ కాదు: గంధకం పొడి, ఉడికించిన కోడిగుడ్డు, బ్లీచింగు, అయోడిన్, పొయ్యి మీద పెనం. పెనం మీద కాల్చిన నాణేనికి నారింజ, గులాబీ మచ్చలు పడతాయి, మెరుపు చచ్చిపోతుంది. అమ్మేవాడు పంపిన ఫొటో చూసి డబ్బు పంపకండి. ఫోనులో రంగు పెంచడం చిటికెలో పని. ఒక్క బల్బు కింద వాల్చి తిప్పుతూ వీడియో తీసి పంపమనండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. తూకం 0.01 గ్రాము చూపే త్రాసు మీద వేయండి. బాగా తక్కువ తూగిందంటే అరిగిందో, నకిలీదో. పన్నెండు గంటల స్థానంలో అంచు దగ్గర నున్నగానో, ఉబ్బెత్తుగానో ఉంటే ఒకప్పుడు టంకం వేసి కొక్కెం పెట్టి మెడలో దండగా కట్టిన నాణెం. మన వైపు ఇలాంటివి చాలా ఎక్కువ. దానికి రంగు ఎంతున్నా వెండి ధరే.

తోమడం వల్ల ఏం పోతుందంటారా? విభూతి, పళ్లపొడి గరుకు పదార్థాలు. సల్ఫైడ్ పొరతో పాటు కింది వెండిని కూడా గీస్తాయి. కొత్త నాణేనికి అచ్చు ఒత్తిడిలో ఏర్పడిన సన్నటి గీరల నుంచే ఆ తిరిగే మెరుపు వస్తుంది. ఆ గీరలు చెరిగితే ఇక ఎవరూ తీసుకురాలేరు. కంసాలి వెండిని ముంచి తెల్లబరిచే ద్రావణం, డిప్పు అంటారు, అందులో థయోయూరియా అనే రసాయనం, ఆమ్లం ఉంటాయి. అది గీయదు గానీ, పొరతో పాటు వెండిని కూడా కొంచెం తీసుకుపోతుంది. రెండు మూడు సార్లు ముంచితే నాణెం పాలిపోయి చచ్చిన తెలుపుకు తిరుగుతుంది. అల్యూమినియం కాగితం, వంటసోడా, వేడినీళ్ల చిట్కా పూజ సామాన్లకు మంచిదే, నాణేలకు వద్దు. నాణెం మీద జిడ్డు, పసుపు కుంకుమ ఉంటే నీళ్లలో కాసేపు నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద అద్ది ఆరబెట్టండి, అంతే.

మన డెల్టాలో రంగు అందంగా పట్టడం అంత తేలిక కాదన్నది కూడా చెప్పాలి. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా సముద్రపు గాలిలో ఉప్పు ఎక్కువ. ఉప్పులోని క్లోరైడు వెండి మీద బూడిద రంగు సిల్వర్ క్లోరైడు కట్టిస్తుంది. అది రంగుల హంగులేని మసకే. రొయ్యల చెరువు అడుగు నల్లబురదలో, గోబర్ గ్యాసు గొట్టాల దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఆ వాసన తగిలే ఇంట్లో వెండి మెల్లగా రంగు మారే సమయం లేకుండా నల్లబడిపోతుంది. వేసవి ఉక్కలో గాలిలోని చెమ్మ ఈ పని ఇంకా వేగం చేస్తుంది. అందుకే రంగు వచ్చిన నాణేన్ని ఆ రంగు దగ్గరే నిలబెట్టడం మన వైపు అసలు పని.

రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది. ఉన్ని గుడ్డలోనూ గంధకమే. నాణేన్ని వాటిలో దాచకండి. బజారులో దొరికే మెత్తటి, వాసనేసే పారదర్శక ప్లాస్టిక్ కవర్లు పీవీసీ. కొన్నేళ్లకు అవి చెమ్మగిల్లి నాణెం మీద ఆకుపచ్చ జిగురు విడుస్తాయి, అది వెండిని తినేస్తుంది. దాన్ని రసాయన దుకాణంలో దొరికే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచి తీస్తే పోతుంది, టోనింగ్ పోదు. గాజు గిన్నెలో, గాలి ఆడే చోట చేయాలి, దగ్గరలో దీపం ఉండకూడదు. గోళ్ల రంగు తుడిచే సీసా ఇందుకు పనికిరాదు. అందులో నూనె, పరిమళం కలుపుతారు. నాణేన్ని గట్టి పాలిస్టరు కవరులో గానీ, మైలార్ అనే పారదర్శక పాలిస్టరు పొర కిటికీ ఉన్న అట్ట చట్రంలో గానీ పెట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఆ పొట్లాలను వానాకాలం ముందు మార్చుకోవాలి. కొత్త ప్లైవుడ్ బీరువాలో ఆమ్ల ఆవిర్లుంటాయి, అందులో వద్దు. నాఫ్తలీన్ ఉండలు దగ్గర ఉంచకండి. మీ పత్రికలోనూ చుట్టకండి. వరలక్ష్మీ వ్రతానికీ ధనలక్ష్మి పూజకూ పంచామృతంలో ముంచడానికి వేరే వెండి రూపు పెట్టుకుంటే, తాతల నాటి రూపాయి మిగులుతుంది.

పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే అమెరికా సంస్థలు నాణెం ఎంత బాగుందో చెప్పే అంకె, అంటే గ్రేడు, వేసి డబ్బాలో బిగించి ఇస్తాయి. రంగు మీద అనుమానముంటే అంకె ఇవ్వకుండానే పంపేస్తాయి. కంటికి ప్రత్యేకంగా ఉన్నదానికి ఎన్‌జీసీ నక్షత్రం గుర్తు కూడా వేస్తుంది. ఆ నక్షత్రం ధరను పెంచుతుంది. ఆ ఆశతో కొందరు నాణేలను తపాలాలో విదేశానికి పంపాలనుకుంటున్నారు. నూరేళ్లు నిండిన నాణెం 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం కింద పురావస్తువే. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. లంకల్లో గట్టు తెగినప్పుడు గానీ, పునాది తవ్వేటప్పుడు గానీ నాణేలు దొరికితే, 1878 నిధి చట్టం ప్రకారం విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. అలా దొరికినవాటిని తోమితే ధరే కాదు, ఆధారమూ పోతుంది.

ఇట్లు,
ఒక నాణేల సేకర్త,
పాలకొల్లు