రంగుల అడవికి జీన్స్ పనికిరావు

సంపాదకులకు,

అక్టోబరు వస్తే ఆకులు రంగులు మారడం చూడటానికి అమెరికాలోని మనవాళ్లు, చూడవచ్చిన అమ్మానాన్నలతో సహా, న్యూహాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్ నేషనల్ ఫారెస్ట్‌కు కార్లు కడతారు. ప్రయాణాల పేజీల్లో ఫొటోలే తప్ప జాగ్రత్తలు కనబడవు.

ఆ అడవి గుండా లింకన్ నుంచి కాన్వే దాకా వెళ్లే కాంకమాగస్ రోడ్డు సుమారు 55 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు బంకు లేదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. ట్యాంకు నింపుకుని, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆకుల రంగు కొండ పైనుంచి కిందికి దిగుతుంది. 870 మీటర్ల కనుమ దగ్గర ఆకు రాలిపోయినా నిరాశపడక లోయలోకి దిగితే మేపుల్ చెట్లు ఇంకా ఎర్రగానే ఉంటాయి. పెద్దవాళ్లకు సాబడే జలపాతం చాలు, నడక తక్కువ.

కొండెక్కేవారికే అసలు ముప్పు. అక్కడి మౌంట్ వాషింగ్టన్ శిఖరం ఎత్తు 1,917 మీటర్లు. మన తూర్పు కనుమల కంటే మరీ ఎక్కువేం కాదని తేలిగ్గా తీసుకుంటారు. 1934 ఏప్రిల్ 12న అక్కడ గంటకు 372 కిలోమీటర్ల గాలి నమోదైంది! జీన్స్, కాటన్ చొక్కా చెమటకో వానకో తడిస్తే త్వరగా ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. ఉన్ని లేదా పాలియెస్టర్ లోబట్టలు, పైన వానకోటు, తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. చలికి ఫోన్ బ్యాటరీ ఇట్టే పడిపోతుంది, దాని టార్చిని నమ్ముకోవద్దు. అక్టోబరు మధ్యలో ఆరింటికే చీకటి పడుతుంది. శిఖరం అందినా అందకున్నా మధ్యాహ్నం ఒంటిగంటకు వెనుదిరగాలి.

- ఒక పాఠకుడు, బోస్టన్