పునాదికి పైల్స్ వేశారు సరే, వాటి చుట్టూ ఉన్న మట్టి మాటేంటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎక్కడ భూకంపం వచ్చినా మర్నాడు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మా భవనానికి పైల్ పునాది ఉంది, మాకేం భయం లేదు." నేను మట్టి పరీక్షలు చేయించే సివిల్ ఇంజినీర్‌ని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ మొదలవుతుంది. పైల్స్ అంటే పునాది కోసం నేలలోకి లోతుగా దించే కాంక్రీటు లేదా ఉక్కు స్తంభాలు. అవి మంచివే, మెత్తటి నేలలో అవి లేకుండా పెద్ద కట్టడాలు కట్టలేం. కానీ పైల్ నిలబడేది తన కాంక్రీటు బలం ఒక్కదానితోనే కాదు. చుట్టూ ఉన్న మట్టి పట్టుకుంటేనే అది నిటారుగా ఉంటుంది. భూకంపంలో ఆ మట్టే పట్టు వదిలేయొచ్చు.

నీటితో నిండిన వదులు ఇసుక నేలల్లో ఇలా జరుగుతుంది. నది ఒడ్డున, తీరంలో, సముద్రాన్ని పూడ్చిన చోట ఇలాంటి నేలలు ఎక్కువ. నేల ఊగగానే ఇసుక రేణువులు దగ్గరగా సర్దుకోబోతాయి. మధ్యలో ఉన్న నీటికి అంత త్వరగా బయటికి పోయే దారి దొరకదు. దాని ఒత్తిడి పెరిగి, రేణువులు ఒకదానిమీద ఒకటి ఆనుకోలేని స్థితి వస్తుంది. నిన్నటిదాకా బరువు మోసిన నేల కాసేపు చిక్కటి బురదనీళ్లలా కదులుతుంది. ద్రవీకరణ అంటే ఇదే.

అప్పుడు పైల్ పరిస్థితి ఏమిటి? పక్కల నుంచి ఉన్న రాపిడి పోతుంది. నెత్తిన భవనం బరువు అలాగే ఉంటుంది, పైగా అది ఊగుతూ ఉంటుంది. చుట్టూ ఆసరా లేని సన్నటి పొడవాటి స్తంభంలా పైల్ మధ్యలో వంగిపోవచ్చు. అంతకంటే నాకు ఎక్కువ భయం నేల పక్కకు జారడం గురించి. ఒడ్డు వైపు కొద్దిపాటి వాలు ఉన్నా చాలు, ద్రవీకరించిన పొర తన మీదున్న గట్టి పొరతో సహా జరుగుతుంది. ఆ గట్టి పొర పైల్స్‌ను బలంగా తోస్తుంది. అడుగున గట్టి నేలలో బిగుసుకున్న భాగం మాత్రం కదలదు. దాంతో మెత్తటి పొర, గట్టి పొర కలిసే చోట వంపు విపరీతంగా పెరిగి పైల్ విరుగుతుంది.

1964 జూన్ 16న జపాన్‌లోని నిగాటాలో ఇవన్నీ కనిపించాయి. అక్కడ అప్పుడే కొత్తగా కట్టిన షోవా వంతెన ఉక్కు పైపు పైల్స్ మీద ఉండేది. దాని స్పాన్‌లు, అంటే రెండు స్తంభాల మధ్య ఉండే వంతెన భాగాలు, ఐదు నదిలో పడిపోయాయి. అదే ఊళ్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే భవనం కథ నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది. అది నిలిచే ఉంది, జనం అందులో పని చేసుకుంటూనే ఉన్నారు. దాదాపు 20 ఏళ్ల తర్వాత పునాది తవ్వి చూస్తే పైల్స్ పైన ఒక చోట, కింద ఒక చోట విరిగి ఉన్నాయి. అన్నేళ్లూ ఆ సంగతి పైన ఉన్న ఎవరికీ తెలియదు.

1995 జనవరిలో జపాన్‌లోనే వచ్చిన మరో భూకంపంలో కోబె రేవు గోడలు మీటర్ల కొద్దీ సముద్రం వైపు జరిగాయి, వాటి వెనకున్న కట్టడాల పైల్స్ దెబ్బతిన్నాయి. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో కాండ్లా రేవు కార్యాలయ టవర్ ఒరిగిపోయింది. దాని కింద 32 పైల్స్ ఉన్నాయి, ఒక్కోటి 18 మీటర్ల పొడవు.

నా చేతికి వచ్చే చాలా నివేదికల్లో పైల్ ఎంత బరువు మోస్తుందో లెక్క ఉంటుంది. భూకంపంలో ఆ మట్టి ద్రవీకరిస్తుందా, పక్కకు ఎంత జరుగుతుంది అన్న పేజీ మాత్రం ఉండదు. నేలలో సన్నటి లోతైన రంధ్రం (బోర్‌హోల్) వేసి, ఎస్‌పీటీ విలువలు (గొట్టాన్ని నేలలోకి దించడానికి ఎన్ని సుత్తి దెబ్బలు పట్టాయన్న లెక్క), నీటిమట్టం, ఇసుకలో సన్న మట్టి శాతం చూస్తే ఆ అంచనా వేయొచ్చు. లెక్క కొత్తదేమీ కాదు, దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. ప్రమాదం ఉందని తేలితే ఇసుకను ముందే దట్టించవచ్చు, నేలలో నిలువు గుంతలు తీసి కంకర దట్టించిన రాతి స్తంభాలతో నీటికి దారి ఇవ్వొచ్చు, పైల్స్‌ను లోతుగా, లావుగా వేసి పొరలు మారే చోటా, పైల్స్ తలలను కలిపే కాంక్రీటు దిమ్మె (పైల్ క్యాప్) దగ్గరా ఇనుము పెంచవచ్చు. కట్టాక ఇవన్నీ చేయాలంటే ఖర్చు ఎన్నో రెట్లు అవుతుంది, కొన్ని చోట్ల అసలు కుదరదు.

అందుకే ప్లాన్‌కు అనుమతి ఇచ్చే అధికారులు ఇసుక నేలల్లో ఈ పేజీ లేని ఫైలును వెనక్కి పంపాలి. ఇల్లు కొనేవాళ్లకు మట్టి నివేదిక అడిగి చదివే హక్కు ఉండాలి. వంతెనలు, ఆసుపత్రుల విషయంలో భూకంపం తర్వాత గోడల పగుళ్లు చూసి సరిపెట్టకుండా, కనీసం కొన్ని పైల్స్ దగ్గర తవ్వి, లోపలి పొడవునా పరీక్ష చేయించాకే అవి సురక్షితమని ప్రకటించాలి.

భవదీయుడు,
ఒక సివిల్ ఇంజినీర్