రేడియో కిరణంతో తుపాను రాదు

సంపాదకులకు నమస్కారం.

బంగాళాఖాతంలో తుపాను పుట్టినప్పుడల్లా 'అలస్కా నుంచి రేడియో కిరణాలు పంపి తెప్పించారు' అన్న మాట ఫోన్లలో తిరుగుతుంది. అప్పుడప్పుడు పత్రికలకూ ఎక్కుతోంది. రేడియో శక్తిని దూరానికి గురిపెట్టడం నిజంగా చేసే పనే. అయితే దానికో లెక్క ఉంది. తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి యాంటెన్నా వెడల్పుతో భాగిస్తే, అక్కడ పడే మచ్చ వెడల్పు సుమారుగా వస్తుంది.

తిరుపతి దగ్గర గాదంకిలో, పై గాలుల కదలికను రేడియో తరంగాలతో కొలిచే ఎంఎస్‌టీ రాడార్‌నే తీసుకోండి. 53 మెగాహెర్ట్జ్, అంటే 5.66 మీటర్ల తరంగం. 130 మీటర్ల చదరంలో, 4 మీటర్ల ఎడంతో 1024 యాగీ (పాత టీవీ యాంటెన్నా తరహా) యాంటెన్నాలు. ఇంత చేసినా కిరణం వెడల్పు 3 డిగ్రీలు. 10 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి అర కిలోమీటరు, 100 కిలోమీటర్లకు 5 కిలోమీటర్లు పరుచుకుంటుంది.

కిరణాన్ని వంచడానికి యాంటెన్నాలను కదిలించరు, వరస వరసకూ ఫేజ్ (తరంగం మొదలయ్యే క్షణంలో తేడా; ఒక పూర్తి తరంగం 360 డిగ్రీలు) మారుస్తారు. నడినెత్తి నుంచి 20 డిగ్రీలు వంచాలంటే పక్కపక్క వరసల మధ్య 86 డిగ్రీల తేడా ఇవ్వాలి. యాంటెన్నాల మధ్య ఆ 4 మీటర్ల ఎడంతో వంపును 25 డిగ్రీలు దాటిస్తే ఎదురు దిక్కున అక్కర్లేని రెండో కిరణం లేస్తుంది. యాంటెన్నాకు శక్తిని చేర్చే మామూలు పాలిథీన్ కోయాక్సియల్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) 10 సెంటీమీటర్లు ఎక్కువైనా ఫేజ్ దాదాపు 10 డిగ్రీలు జరుగుతుంది. ఇలాంటి తప్పులు చెదురుమదురుగా, సగటున 30 డిగ్రీలకు చేరితే అసలు కిరణంలో దాదాపు పావు వంతు శక్తి పక్కలకు పోతుంది. కనెక్టర్‌లోకి వాననీరు దిగితే ఆ యాంటెన్నాకు పంపిన శక్తిలో కొంత వెనక్కి తిరిగొస్తుంది. దగ్గరి ఆకాశాన్ని చూడటానికే ఇంత జాగ్రత్త కావాలి.

ఇక పుకార్లలో చెప్పే కేంద్రం, అలస్కాలో గకోనా దగ్గరున్న హార్ప్. అది పై వాతావరణాన్ని పరిశోధించేది. 180 యాంటెన్నాలు, 3.6 మెగావాట్లు, 2.7 నుంచి 10 మెగాహెర్ట్జ్. యాంటెన్నాల మైదానం వెడల్పు అర కిలోమీటరు కూడా లేదు. ఆ తరంగాలు ప్రధానంగా పనిచేసేది 100 కిలోమీటర్లకు పైన, అయనోస్ఫియర్‌లో, అంటే విద్యుదావేశం ఉన్న పై గాలి పొరలో. మేఘాలుండే కింది గాలి వాటిని దాదాపు పీల్చుకోదు. బంగాళాఖాతం అక్కడి నుంచి సుమారు 10,000 కిలోమీటర్లు. భూమి వంపును పక్కనపెట్టి, దారిలో నష్టమే లేదనుకున్నా, 10 మెగాహెర్ట్జ్ వద్ద మచ్చ 700 కిలోమీటర్లు దాటుతుంది. చదరపు మీటరుకు అందేది ఒక వాట్‌లో సుమారు లక్షో వంతు. అదే చదరపు మీటరు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ 1000 వాట్లు!

దగ్గరైతే శక్తిని పంపవచ్చు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో 26 మీటర్ల డిష్ నుంచి 1.54 కిలోమీటర్ల అవతలికి సూక్ష్మతరంగాలు పంపి, 30 కిలోవాట్లకు పైగా డీసీ కరెంటు తీశారు. అక్కడ తరంగం 12.6 సెంటీమీటర్లే, దూరమూ తక్కువే.

ఇలాంటి వార్త వచ్చినప్పుడు తరంగదైర్ఘ్యం, యాంటెన్నా వెడల్పు, దూరం ఎంతో రాసినవారిని అడగండి. అవి లేకపోతే దయచేసి అచ్చువేయకండి.

ఇట్లు,
రేడియో ఇంజినీరింగ్ తెలిసిన ఒక పాఠకుడు, తిరుపతి