మంత్రిగారూ, ఫొటో కింద ‘ఫైల్’ అని రాస్తే సరిపోతుందా?

రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను గుంటూరు అరండల్‌పేటలో ఉంటాను. విజయవాడలో ఒక పత్రిక డెస్కులో పాతికేళ్లకు పైగా సబ్ ఎడిటర్‌గా చేసి ఇంటికొచ్చేశాను. పాత జర్నలిస్టు ఉత్తరం అనగానే అక్రిడిటేషన్ కార్డు గురించో, ఇళ్ల స్థలాల గురించో అనుకుంటారు. అవేం కాదు, ఫొటోల గురించి రాస్తున్నాను.

మొన్న రాత్రి మా వీధి చివర టీ కొట్లో టీవీ నడుస్తోంది. ఇప్పుడు జరుగుతున్న యుద్ధం మీద ఏదో చర్చ. యాంకర్ వెనకాల స్క్రీన్ మీద వియత్నాం పాప ఫొటో, ఒంటి మీద బట్టల్లేకుండా ఏడుస్తూ పరిగెత్తుతున్న ఆ ఫొటో, అదే పనిగా తిప్పుతున్నారు. పైన వయొలిన్ మ్యూజిక్కు. టీ పోసే కుర్రాడు గ్లాసు చేతికిస్తూ ‘బాబాయ్, ఇది నిన్న జరిగిందా?’ అన్నాడు. వాడి తప్పేముంది, స్క్రీన్ మీద ఎక్కడా ఏ ఏడాదో లేదు, ఏ ఊరో లేదు, కనీసం మూలన చిన్న అక్షరాల్లో ‘ఫైల్’ (అంటే పాత ఫొటో అని) అనైనా లేదు.

అది 1972 జూన్ 8న దక్షిణ వియత్నాంలో ట్రాంగ్ బాంగ్ అనే ఊరి దగ్గర తీసింది. అప్పుడు ఆ పాపకి తొమ్మిదేళ్లు. పేరు కిమ్ ఫుక్. ఇప్పుడామె కెనడాలో ఉంటోంది, మనవల్ని ఆడించే వయసు. ఆ ఫొటో చూస్తే తనకి చిన్నతనంలో సిగ్గేసేదని, తర్వాత వియత్నాం ప్రభుత్వం తనని ప్రచారానికి వాడుకుందని ఆమే చెప్పింది. ఫొటోకి 50 ఏళ్లు నిండిన 2022లో ‘నేనిక నాపామ్ గర్ల్‌ని కాను’ అని పేపర్లో రాసింది కూడా (నాపామ్ అంటే ఆ పాప ఒంటిని కాల్చిన మంటల బాంబు). మనవాళ్లు ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారు. (ఆ ఫొటో తీసింది ఎవరన్న దాని మీద కూడా ఇప్పుడు గొడవే. నిక్ ఉట్ తీశాడని 1973లో పులిట్జర్ అవార్డు ఇచ్చారు, 2025లో వరల్డ్ ప్రెస్ ఫొటో అనే అవార్డుల సంస్థ వాళ్లు ఆయన పేరు పక్కన పెట్టారు, ఏపీ మాత్రం ఆ పేరు తీసెయ్యలేదు. ఏపీ అంటే మనది కాదండోయ్, అసోసియేటెడ్ ప్రెస్.)

సరే, టీవీ వాళ్లని అనేముందు నా సంగతి చెప్పాలి.

2003 డిసెంబర్, విజయ్ దివస్ (1971 బంగ్లాదేశ్ యుద్ధంలో మనం గెలిచిన రోజు) ముందు రోజు రాత్రి. పదకొండు దాటింది, పేజీ వెళ్లిపోవాలి, బంగ్లాదేశ్ యుద్ధం మీద ఐటమ్ పక్కన సింగిల్ కాలమ్ ఖాళీ మిగిలింది. మా సిస్టంలో ‘యుద్ధం – మహిళలు’ అని ఒక ఫోల్డర్ ఉండేది, ఎవరు పెట్టారో తెలీదు, ఏ దేశం ఫొటో అయినా అందులోనే పడేసేవాళ్లం. అందులోంచి ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో లాగాను. నీరసంగా నిలబడ్డ ఒకావిడ. నలుగురిలోంచి ఆమెని విడదీసి, నడుము పైకి క్రాప్ చేసి, ‘బంగ్లా శరణార్థి మహిళ (ఫైల్)’ అని క్యాప్షన్ కొట్టి పంపేశాను. మొత్తం నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

రెండ్రోజుల తర్వాత గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ బస్సెక్కి వచ్చారు. పేపర్ నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుని రిసెప్షన్లో కూర్చున్నారు. నేను వెళ్లగానే మడత విప్పి ‘ఈమె ఎవరు బాబూ?’ అన్నారు. శరణార్థి అండీ అన్నాను. ‘ఈమె గర్భిణి. ఆ కడుపే నువ్వు కోసేశావు’ అన్నారు.

ఆయన చెప్తేనే తెలిసింది నాకు. అది 1971 కాదు, బంగ్లాదేశ్ కాదు. 1944 సెప్టెంబర్లో, బర్మా సరిహద్దుకి అవతల చైనాలోని యునాన్‌లో అమెరికా సైన్యం ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో. జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా ఈడ్చుకొచ్చిన కొరియా ఆడపిల్లల్లో ఆమె ఒకరు, పేరు పాక్ యోంగ్ సిమ్. యాభై ఏళ్లకు పైగా ఆ ఫొటో పేరు లేకుండానే లోకమంతా తిరిగింది. చివరికి 2000 ప్రాంతంలో ఉత్తర కొరియా నుంచి ఒక ముసలావిడ, అందులో గర్భంతో ఉన్నది నేనే అని చెప్పుకుంది. 2006లో పోయింది. అంటే నేను ఆ క్యాప్షన్ కొట్టే నాటికి ఆమె బతికే ఉంది. తన పేరు తనే చెప్పుకున్న మనిషిని పట్టుకుని నేను మళ్లీ పేరు లేకుండా చేసి, దేశం మార్చి, యుద్ధం మార్చి, కడుపు కోసి అచ్చేశాను.

సవరణ వేద్దామని పైవాళ్లని అడిగాను. ‘ఇక్కడెవరు గుర్తుపడతారయ్యా’ అన్నారు. గుర్తుపట్టినాయన కింద రిసెప్షన్లోనే ఉన్నారని చెప్పలేకపోయాను, ఉద్యోగం మరి.

విజయ్ దివస్ అన్నాను కాబట్టి ఆ ముక్కా చెప్పేస్తాను. 1971లో అత్యాచారాలకు గురైన ఆడవాళ్లని బంగ్లాదేశ్ ప్రభుత్వం ‘బీరాంగన’లని పిలిచింది, వీరవనితలని. ఆ కాలం నుంచి బాగా తెలిసిన ఫొటో నాయిబ్ ఉద్దీన్ అహ్మద్ తీసింది, అందులో జుట్టు ముఖం మీద పడి ఉంటుంది, పిడికిళ్లు అడ్డం ఉంటాయి, మనిషెవరో తెలీదు. ఆ జుట్టే ఆమెని కాపాడింది అనిపిస్తుంది నాకు. ఎందుకంటే 1992లో కుష్టియా వైపు పల్లెటూరి ఆడవాళ్లని ఢాకాలో 1971 నేరాల మీద జనమే పెట్టిన ప్రజాకోర్టుకి తీసుకొచ్చినప్పుడు వాళ్ల ఫొటోలు ముఖాలతో సహా పేపర్లలో వచ్చాయి. న్యాయం సంగతి తర్వాత, ముందు ఊళ్లో తలెత్తుకోలేని పరిస్థితి వచ్చింది వాళ్లకి.

అదే మన జిల్లాలో అత్యాచారం జరిగితే పేరు రాయం, ఇల్లు చూపించం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు. బాధితురాలు చనిపోయినా సరే పేరు బయటపెట్టొద్దని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. తెనాలి అమ్మాయికి ముఖం మసక చేస్తాం, ఢాకా అమ్మాయికీ కొరియా అమ్మాయికీ చెయ్యం. పేపర్ తిరగేసేది అరండల్‌పేటలో, అంత దూరం నుంచి ఎవరొచ్చి అడుగుతారులే అనే ధైర్యం కాదా ఇది?

అలాగని అందరికీ ముఖాలు మసక చెయ్యమని నేననను. 1991 ఆగస్టు 14న జపాన్ సైన్యం చేతిలో అలాగే నలిగిన కిమ్ హక్ సన్ అనే కొరియా ఆవిడ కెమెరాల ముందుకి తనంతట తానే వచ్చి, పేరు చెప్పి, నాకిది జరిగింది అంది. ఆవిడ ముఖాన్ని మసక చేస్తే ఆ తెగువని తుడిచేసినట్టే. కాబట్టి ఒక్కటే రూలు అందరికీ సరిపోదు. ఆ మనిషి ఏం కోరుకుంది, ఫొటో తీసినప్పుడు ఒప్పుకుందా, అసలు తీసిందెవరు, ఇవి చూసుకోవాలి. పోలండ్‌లో యూదుల్ని నిర్బంధించిన వార్సా ఘెట్టోలో చేతులెత్తి నిలబడ్డ పిల్లాడి ఫొటో ఉంది చూడండి, 1943లో వాళ్లని తరిమికొట్టిన నాజీలే తమ గొప్ప చూపించుకోడానికి రిపోర్టులో అంటించుకున్న ఫొటో అది. ఆ మాట కింద రాయకుండా వేస్తే మనం ఎవరి కళ్లతో చూస్తున్నట్టు?

ఇక నేను అడిగేది. ముందే చెప్తున్నా, కేసులు పెట్టమనీ కొత్త జీవో తెమ్మనీ అడగట్లేదు. 2019లో తప్పుడు వార్తలంటూ మీడియా మీద కేసులు పెట్టే అధికారం అధికారులకిచ్చిన 2430 జీవో వచ్చినప్పుడు మేమంతా ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుంది, ఆ కర్ర మళ్లీ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. కేంద్రం కూడా 2023 జనవరిలో శవాలు, రక్తం చూపించొద్దని టీవీలకి ఒక సలహా పంపింది, పంపాక ఏమైందో రోజూ రాత్రి తొమ్మిదింటికి చూస్తూనే ఉన్నాం.

మీ చేతిలో మీడియా అకాడమీ ఉంది. కొత్తగా డెస్కులకొచ్చే పిల్లలకి హెడ్డింగులు, అనువాదం నేర్పిస్తారు, ఫొటో గురించి ఒక్క పూట కూడా చెప్పరు, మా రోజుల్లో అయితే అసలు లేదు. ఆ ఒక్క పూట పెట్టించండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీశారు, మనిషి పేరు చెప్పుకుందా లేదా, ఈ నాలుగూ దొరకని పాత ఫొటో అయితే ఆ కాలమ్‌లో ఇంకో నాలుగు లైన్ల వార్త వేసుకోమని చెప్పించండి. యూట్యూబ్ ఛానళ్ల పిల్లల్నీ పిలవండి, థంబ్‌నెయిల్ మీద ఎర్ర సున్నా చుట్టేది వాళ్లే.

పాఠం చెప్పడానికి మనిషి దొరక్కపోతే నేనొస్తాను, గుంటూరు నుంచి బస్సులో గంట ప్రయాణమే. 2003 నాటి ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది, బీరువాలో పెట్టాను, అంచులు పసుపు రంగుకి తిరిగాయి. మొదట అది చూపిస్తాను, తర్వాత నలుగురూ ఉన్న పూర్తి ఫొటో చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాత సబ్ ఎడిటర్,
అరండల్‌పేట, గుంటూరు