టెక్సాస్ కథ 1836లో మొదలవలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో టెక్సాస్ మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, చరిత్రను మాత్రం అలమో, 1836, శాంటా అన్నా అంటూ మూడు ముక్కల్లో తేల్చేశారు (అలమో అంటే శాన్ ఆంటోనియోలోని పాత మిషన్ కోట, మెక్సికో మీద తిరగబడిన టెక్సాస్ వాళ్లను 1836లో శాంటా అన్నా సేన అక్కడే ఓడించింది). ఇక్కడికి వచ్చే మనవాళ్లదీ అదే తంతు. అలమో ముందు ఒక సెల్ఫీ, రివర్ వాక్‌లో పడవ షికారు, సాయంత్రానికల్లా కారెక్కేయడం. అలమో యుద్ధానికి 23 ఏళ్ల ముందే ఇదే శాన్ ఆంటోనియోలో జనం స్పెయిన్ మీద తిరగబడి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, ఆ ముక్క లేకపోతే ఎలా అండీ?

1718లో స్పెయిన్ వాళ్లు పెట్టిన ఒక మిషన్ (క్రైస్తవ మత ప్రచార కేంద్రం), ఒక సైనిక ఠాణాతో మొదలైన ఊరు ఇది. 1731లో కానరీ దీవుల నుంచి కొన్ని కుటుంబాలను తెచ్చి ఇక్కడ దింపారు. అపాచీ అనే ఆదివాసీ తెగతో గొడవలు ఎంత దూరం పోయాయంటే, 1749లో రాజీ కుదిరినప్పుడు ఊరి నడిబొడ్డున గొయ్యి తవ్వి, గొడ్డలి, ఈటె, బాణాలతో పాటు బతికున్న గుర్రాన్ని కూడా అందులో పూడ్చేశారు. ఆ తర్వాత కమాంచీ అనే మరో తెగ దాడులు. సరే, అవన్నీ సరిహద్దు కష్టాలు అనుకుందాం. ప్రభుత్వం పెట్టిన కష్టాల మాటేమిటి? సరుకు వెరాక్రూజ్ రేవులో దిగి, మెక్సికో సిటీ, సాల్టియో మీదుగా నెలల తరబడి ప్రయాణించి వచ్చేసరికి ధర ఆకాశాన్నంటేది, పోనీ పక్కనున్న లూసియానాలో కొనుక్కుందామంటే దొంగ రవాణా కింద లెక్క. పశువులే బతుకుదెరువైన ఊళ్లో, ముద్ర లేని పశువులన్నీ రాజుగారి ఖజానావేనని 1778లో ఉత్తర్వు! జనానికి కడుపు మండదా మరి.

1810లో హిదాల్గో అనే మతగురువు మెక్సికోలో స్పెయిన్ మీద తిరుగుబాటుకు పిలుపునిచ్చాడు. మరుసటి జనవరిలో ఇక్కడ లాస్ కాసాస్ అనే మాజీ సైనికాధికారి గవర్నర్‌ని బంధించాడు. కొన్ని వారాలకే స్పెయిన్ పక్షం వాళ్లు ఆ లాస్ కాసాస్‌ని పడగొట్టి, మరణశిక్ష వేసి, తల నరికి, ఊరికి హెచ్చరికగా ఆ తలను పెట్టెలో పెట్టి ఇక్కడికి పంపారు.

అయినా జనం ఆగలేదు. గుటియర్రెజ్ దె లారా అనే మెక్సికో విప్లవకారుడి నాయకత్వంలో స్థానికులు, అమెరికన్ వాలంటీర్లు, ఆదివాసీలు కలిసి ఆకుపచ్చ జెండాతో వచ్చి 1813 ఏప్రిల్ 6న స్వాతంత్ర్యం ప్రకటించారు. వీళ్లేమీ గంగిగోవులు కారు, లొంగిపోయిన గవర్నర్ సాల్సెడోనీ, తోటి అధికారులనూ ఊరి బయటికి తీసుకెళ్లి గొంతులు కోశారు. అది చూసి అమెరికన్లలో చాలామంది తప్పుకున్నారు కూడా. ఆగస్టు 18న మదీనా యుద్ధంలో స్పెయిన్ సేనాని అర్రెడోండో సేన చేతిలో తిరుగుబాటుదారులు 1,400 మందిలో నూరుమంది కూడా మిగల్లేదు. తర్వాత ఊళ్లో ఆడవాళ్లను ఒకచోట నిర్బంధించి, అదే సైన్యానికి మొక్కజొన్న రుబ్బించి రొట్టెలు చేయించారు. చచ్చినవాళ్ల ఎముకలు 1822 దాకా ఆ నేల మీదే పడి ఉన్నాయి. అర్రెడోండో సేనలో ఒక కుర్ర అధికారి ఎవరనుకున్నారు? మీ వ్యాసంలోని శాంటా అన్నాయే! మరి తిరగబడ్డవాళ్లను కనికరించకూడదని అతను ఇక్కడ నేర్చుకున్న పాఠం చెప్పకుండా 1836 గురించి ఏం చెబుతాం?

చూడ్డానికి ఏమీ మిగల్లేదనుకోకండి. అలమోతో కలిపి అయిదు మిషన్లు 2015 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి, ఎస్పాడా దగ్గర స్పానిష్ కాలపు రాతి అక్విడక్టు (కాలువను మోసే వంతెన) మీద నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి. గోదావరి జిల్లాల వాళ్లు అక్కడ ఓ గంట నిలబడిపోతారని నా నమ్మకం. మదీనా యుద్ధం సరిగ్గా ఎక్కడ జరిగిందో మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

వచ్చే ఆగస్టు 18కి దీని మీద కనీసం అర పేజీ వేయండి. మిషన్ల ఫొటోలు కావాలంటే నేను తీసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
శాన్ ఆంటోనియో, టెక్సాస్