సింగపూర్ నైట్ సఫారీ గురించి, అన్నయ్యా వాళ్ల కోసం

అన్నయ్యా, వదినా, సంక్రాంతి తర్వాత సింగపూర్ వెళ్తున్నారు కాబట్టి రాస్తున్నాను. షాపింగ్ తగ్గించుకున్నా పర్లేదు, నైట్ సఫారీకి మాత్రం ఒక సాయంత్రం ఉంచండి. రాత్రి తిరిగే జంతువుల కోసమే 1994లో తెరిచారు. ప్రపంచంలో అలాంటి పార్కుల్లో మొదటిది.

టికెట్టు, లోపలికెళ్లే టైము ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. అత్తయ్యగారి మోకాళ్ల గురించి టెన్షన్ వద్దు, ట్రామ్ ఉంది. కానీ ట్రామ్ దిగి అటే వచ్చేయకండి. ఫిషింగ్ క్యాట్ ట్రెయిల్ నడవాల్సిందే. మన కోరింగ మడ అడవుల్లో ఉండే బావురుపిల్లే అది! మసక వెలుతురులో నీళ్ల అంచున కదలకుండా కూర్చుంటుంది. ఒంటి మీద నల్లమచ్చలు, పొట్టి తోక. ఉన్నట్టుండి ముందుకాలు నీళ్లలో పెడుతుంది. కాకినాడ పక్కనే ఉన్నా మనకెప్పుడూ కనబడని జీవిని అక్కడ చూసి మా పిల్లలు కేక పెట్టబోయి నోళ్లు మూసుకున్నారు.

ఫ్లాష్ అస్సలు వాడకూడదు, జంతువుల కళ్లకి ఇబ్బంది. చిన్నోడి ఫోన్‌లో ముందే ఆఫ్ చేయించండి. అక్కడ వాన ఎప్పుడైనా పడుతుంది, గొడుగులు మర్చిపోవద్దు.

వెళ్లేలోపు ఒక ఆదివారం అందరం కోరింగ వెళ్దామా? మడచెట్ల మధ్య చెక్క వంతెన మీద పిల్లల్ని నడిపిద్దాం. ఎవరెవరు వస్తారో చెప్పండి.